మోతలోంచి నాదం

మంఖాల్,
ఆగస్టు 17

యెహోషువ మామకు,

వందనాలు. ఫోన్ చేస్తే నీకు వినపడదు, మెసేజ్ పెడితే నువ్వు తెరిచి చూడవు. అందుకే కాగితం తీశాను. బడిలో సెలవు చీటీ తర్వాత నేను రాస్తున్న మొదటి ఉత్తరం ఇదే. అక్షరాలు వంకరగా ఉంటే నవ్వకు.

ముందు మంచి కబురు. విమానాశ్రయం కార్గోలో ఉద్యోగం చేసుకుంటూనే ఒక బ్యాండు పెట్టాను. డ్రమ్స్ తుక్కుగూడ దుర్గేష్, బేస్ గిటార్ చిన్మయి, గిటారూ పాటా నేను. డిసెంబర్‌లో శంషాబాద్‌లో, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన మైదానంలో బ్యాండ్ల పోటీ ఉంది. వడపోతలన్నీ దాటి చివరి జాబితాలో మేమూ మిగిలాం. గెలిస్తే మా పాటలన్నీ మంచి స్టూడియోలో రికార్డు చేయిస్తారు. మామా, ఆ పాటలు నేను రాసినవి. ఇంతవరకు మా ముగ్గురికి తప్ప ఎవరికీ తెలియవు.

ఇక అసలు సంగతి. వెనకగదిలో బియ్యం బస్తాల చాటున టార్పాలిన్ కప్పి ఉన్న నీ ఆంప్‌ని, గిటార్ శబ్దం పెంచే ఆ పాత పెట్టెని, బయటికి లాగాను. దాన్ని చూసి దుర్గేష్ మోకాళ్ల మీద కూర్చుని వెనకున్న చీటీ చదివాడు. "ఇంగ్లండులో తయారైన వాల్వుల ఆంప్! డెబ్బై ఒకటి నాటిది, వంద వాట్లు! ఇన్నాళ్లూ దీని మీద బియ్యం పెట్టుకున్నారా?" అన్నాడు.

నా చిన్న ఆంప్‌లోంచి వచ్చే శబ్దం ప్లాస్టిక్ పువ్వులా ఉంటుంది మామా. రంగు ఉంటుంది, వాసన ఉండదు. నాకు నీ ఆంప్ శబ్దం కావాలి. అమ్మ మాత్రం దాన్ని చూడగానే గుమ్మంలోనే నిలబడిపోయింది. "ముట్టకు. మా అన్న చెవులు తిన్నది గదే," అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

దాన్ని ఎలా మేల్కొల్పాలో చెప్తావా?

నీ సిల్వియా

---

దుమ్ముగూడెం,
ఆగస్టు 26

సిల్వియాకు,

దీవెనలు. పోటీ సంగతి చదివి సంతోషించాను.

ఆ పెట్టె అమ్మెయ్యి. కొనేవాళ్లు బోలెడుమంది ఉంటారు. మీ అమ్మ చెప్పింది అబద్ధం కాదు. కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమ చెవిలో పావు వంతు మిగిలింది. ఇక్కడ హాస్టల్ పిల్లలు ప్రార్థనలో పాడుతుంటే వాళ్ల నోళ్లు కదలడం చూసి ఏ చరణంలో ఉన్నారో తెలుసుకుంటాను. నేర్పమని నన్ను అడగకు. నేర్పను.

మామ,
యెహోషువ

తా.క. తొందరపడి గోడ ప్లగ్గులో మాత్రం పెట్టకు. ఇన్నేళ్లు పడి ఉంది కాబట్టి లోపలి కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి, పేలతాయి. వాటిని మార్చాక, మధ్యలో ఒక బల్బు కలిపి మెల్లగా కరెంటు ఇవ్వాలి. బల్బు వెలిగి డిమ్ము అయితే మంచిది. అలాగే వెలుగుతుంటే వెంటనే తీసెయ్యాలి. స్పీకర్ల పెట్టె తగిలించకుండా అస్సలు ఆన్ చెయ్యకూడదు. ఇదంతా తెలిసినవాళ్ల చేత చేయించు.

---

మంఖాల్,
సెప్టెంబర్ 14

మామా,

వందనాలు. నేర్పనని రాసి, ఆ కింద పాఠమంతా చెప్పావు. ఆ తాజా కలం నాలుగుసార్లు చదివి తెగ నవ్వుకున్నాను.

కాటేదాన్‌లో ఉదయభాస్కర్ గారని, ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టే చిన్న ఫ్యాక్టరీ ఆయనది. దుర్గేష్ వాళ్ల నాన్నకు స్నేహితుడు, వాళ్లలాగే భీమవరం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డారు. ఆంప్‌ని ఆయన దగ్గరికి మోసుకెళ్తే, మూత తీసి చూసి, "చూడమ్మా, ఆఫ్ చేశాక కూడా దీని లోపల మనిషిని చంపేంత కరెంటు నిలవుంటుంది. నువ్వు వేలు పెట్టనని మాటిస్తేనే నేను చేస్తాను," అన్నారు. మాటిచ్చాను. కెపాసిటర్లు మార్చారు. నువ్వు చెప్పినట్టే బల్బు కలిపి ఆన్ చేశారు. బల్బు వెలిగింది, మెల్లగా మసకబారింది. వెనక గాజు బుడ్డీల్లాంటి నాలుగు పెద్ద వాల్వులూ నారింజ రంగులోకి వచ్చాయి. చిన్మయి చప్పట్లు కొట్టింది.

ఇంటికి తెచ్చి ఆన్ చేశాను. వాల్యూమ్ కొంచెమే పెడితే దోమ గొంతులా సన్నగా వచ్చింది. నిరాశపడ్డాను. ఇంకొంచెం తిప్పాను, మారలేదు. ఇంకొంచెం తిప్పి ఒక్క తీగ మీటాను.

మామా, కిటికీ అద్దాలు గడగడలాడాయి. స్టవ్ మీద గిన్నె జరిగింది. పక్కింటి లింగమ్మత్త కొంగు దోపుకొని వచ్చింది. "ఏందే పిల్లా, ఇమానం మీ ఇంట్లనే దిగిందా? మా బర్రె తాడు తెంపుకొని తుక్కుగూడ దిక్కు ఉరికింది! పోయి పట్కరా!" అంది. నేనూ దుర్గేష్ శ్రీశైలం రోడ్డు దాకా పరుగెత్తి పట్టుకొచ్చాం.

అమ్మ తిట్టలేదు. కళ్లు తుడుచుకుంది. అదే నాకు కష్టంగా ఉంది.

కానీ అంత మోతలోనూ ఒక్క క్షణం ఆ శబ్దం నాకు వినపడింది. మందంగా, వెచ్చగా, తీగకు ప్రాణం ఉన్నట్టు. వాల్యూమ్ తగ్గిస్తే అది మాయమవుతోంది. పెంచితే ఊరు పారిపోతోంది. ఏం చెయ్యాలి?

నా చెవుల గురించి బెంగపడకు. సంగీతం వాళ్లు చెవుల్లో పెట్టుకునే బిరడాలు కొన్నాను. దవాఖానలో పరీక్ష కూడా చేయించుకున్నాను. కాగితం దీంతో పంపుతున్నాను చూడు.

సిల్వియా

---

దుమ్ముగూడెం,
సెప్టెంబర్ 24

బిడ్డా,

నువ్వు పంపిన చెవుల పరీక్ష కాగితం చూశాను. ఆ బిరడాల కోసమే ఈ ఉత్తరం రాస్తున్నాను. అవి లేకుండా ఒక్కరోజు వాయించినట్టు తెలిసినా ఇక నా దగ్గరనుంచి ఒక్క ముక్క రాదు.

సికింద్రాబాద్ హోటల్ బ్యాండులో పన్నెండేళ్లు వాయించాను. స్పీకర్లు సరిగ్గా నా తలకు సమానంగా పెట్టుకొని, వాటి ఎదుటే నిలబడేవాణ్ని. దూది కూడా పెట్టుకునేవాణ్ని కాదు. పెట్టుకున్నవాళ్లను చూసి నవ్వేవాళ్లం. నాకు కావలసిన శబ్దం దొరకనప్పుడల్లా ఇంకాస్త పెంచేవాణ్ని. ఒక ఆదివారం గుడిలో మీ అమ్మ పాడుతుంటే నాకు పై స్వరాలు అందలేదు. గొంతు పోయిందా ప్రేమా అని అడిగాను. అది నా మొహం చూసి ఏడ్చింది. అప్పుడు తెలిసింది నాకు.

సరే. ఇప్పుడు విను.

నువ్వు విన్న ఆ వెచ్చదనం ముందున్న చిన్న వాల్వులది కాదు, వెనకున్న పెద్దవాటిది. అవి ఒళ్లు వంచి పని చేసినప్పుడే ఆ నాదం వస్తుంది. నాలుగు ఎద్దులకు ఖాళీ బండి కడితే అవి ఒళ్లెందుకు వంచుతాయి? అందుకని రెండింటిని విప్పెయ్యి. చల్లారాక, బయటి జంట గానీ లోపలి జంట గానీ తీసెయ్యాలి. ఒక బయటిదీ ఒక లోపలిదీ అని కలపకు. తీశాక వెనకున్న ఓమ్‌ల మీటను సగానికి దించు. మన స్పీకర్ల పెట్టె పదహారు ఓమ్‌లది కాబట్టి మీట ఎనిమిది మీద ఉండాలి. ఇది మరిచిపోకూడదు.

దీంతో మోత సగమవుతుందని అనుకోకు. చెవికి కొంచెమే తేడా తెలుస్తుంది. మిగతా పని రెసిస్టర్ల పెట్టె చెయ్యాలి. ఆంప్‌కీ స్పీకర్లకీ మధ్య పెట్టే పెట్టె అది. ఆంప్ పూర్తి బలంతో పనిచేస్తుంది, వచ్చే బలంలో ఎక్కువ భాగాన్ని ఈ పెట్టె వేడిగా మార్చేస్తుంది, మిగిలింది స్పీకర్లకు వెళ్తుంది. మీ ఉదయభాస్కర్ గారికి చెప్తే తయారు చేస్తారు. గాలి ఆడేట్టు చెయ్యమను.

ముందు భాగంలో రెండు చానళ్లున్నాయి, ఒకటి పదునైనది, ఒకటి బొద్దుది. చిన్న వైరుతో రెండింటినీ కలిపి, బొద్దుదాన్ని ఎక్కువగా, పదునుదాన్ని కొద్దిగా పెట్టు. పై స్వరాలను పెంచే ట్రెబుల్ నాబ్‌ను నీకు నచ్చిన చోటికన్నా కొంచెం కిందికి ఉంచు. దగ్గర్లో చురుగ్గా అనిపించేది దూరంలో గుచ్చుకుంటుంది.

ఆఖరిది, అన్నిటికంటే పెద్దది. ఆంప్‌ని ఒకచోట పెట్టి వదిలెయ్యి. తర్వాతంతా గిటార్ మీదున్న నాబ్‌తోనే. మెత్తగా కావాలంటే అది తగ్గించు, మండాలంటే తెరువు. నీ వేళ్లు ఎంత అడిగితే అంతే ఇస్తుంది అది. నాకిది చాలా ఆలస్యంగా అర్థమైంది.

యెహోషువ మామ

---

కాటేదాన్,
అక్టోబర్ 19, ఆదివారం

మామా, మామా, మామా!

ఫ్యాక్టరీ షెడ్డులోనే కూర్చుని రాస్తున్నాను. గిటార్ ఇంకా మెడలోనే ఉంది.

ఆదివారాలు మిషన్లు ఆగిపోతాయి. చుట్టుపక్కల ఇళ్లు లేవు. ఉదయభాస్కర్ గారు తాళం ఇచ్చారు. రెసిస్టర్ల పెట్టె ఆయనే చేశారు, చూడ్డానికి ఇడ్లీ పాత్రలా చుట్టూ చిల్లులు. వాల్వులు రెండు విప్పారు. మీట ఎనిమిది మీద పెట్టానా లేదా అని మూడుసార్లు చూసుకున్నాను. బిరడాలు పెట్టుకున్నాను. ఇది ఒట్టు.

మొదట గిటార్ నాబ్ తగ్గించి మీటాను. మామా, అది మాట్లాడింది! ఎవరో పక్కన కూర్చుని మెల్లగా కబుర్లు చెప్తున్నట్టు ఉంది. నాబ్ తెరిచి పెద్ద తీగ కొట్టాను. గర్జించింది, కానీ గోడలు అదరలేదు. వేలు కొంచెం ఒత్తితే ఏడుస్తుంది, వదిలితే నవ్వుతుంది. ఇన్నాళ్లుగా వాయిస్తున్న అవే పాటలు, నాకే కొత్తగా వినిపించాయి. దుర్గేష్ డ్రమ్స్ ఆపేసి, "సిల్వియా, ఇన్నాళ్లూ మనం రిహార్సల్ చేసింది మన పాటలు కాదేమోనండీ బాబూ," అన్నాడు. చిన్మయి ఏడ్చింది. ఒప్పుకోవడం లేదు గానీ ఏడ్చింది.

ఒక్క చిక్కుంది. పోటీలో సౌండు చూసే నరేందర్ అన్న ఫోన్లోనే కోప్పడ్డాడు. "స్టేజీ మీద ఆంప్‌లు గిట్ల ఏం లేవు చెల్లె. అందరు డిజిటల్ డబ్బా తెచ్చుకొని సక్కగ మిక్సర్ల గుచ్చుడే. ఆ పాతదాన్ని తెచ్చి నన్ను పరేషాన్ చెయ్యకు," అన్నాడు. ఎలాగైనా ఒప్పిస్తాను. ఈ శబ్దం విన్నాక ఇక వేరేది నా వల్ల కాదు.

సిల్వియా

---

మంఖాల్,
నవంబర్ 10

అన్నా,

నేను ప్రేమావతిని. నీకు ఉత్తరం రాసి ఎన్నేళ్లయిందో. సిల్వియా నీకు చెప్పొద్దన్నది, అందుకే చెప్తున్నాను.

నీ ఆంప్ పెట్టె కాలిపోయింది. ఈ నెల రెండో తేదీ, ఆదివారం, షెడ్డులో పాట మంచి ఊపులో ఉండగా దుర్గేష్ లేచి నీళ్ల సీసా అందుకోబోయాడట, కాలికి వైరు తగిలి ఊడింది. స్పీకర్లకు పోయే వైరు. ఒక్క నిమిషంలో పొగ వచ్చిందట. లోపల పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ మాడిపోయిందని ఉదయభాస్కర్ గారు చెప్పారు. మళ్లీ చుట్టొచ్చు గానీ, దానికి తగిన ఇనుప రేకులు తెప్పించేసరికి పోటీ అయిపోతుందట. ఆ పిల్లవాడు మా గుమ్మంలో కూర్చుని ఒకటే ఏడుపు. మా పిల్ల వాణ్ని ఒక్క మాట అనలేదు. "పోనీలేరా, డిజిటల్ డబ్బాతో ఆడదాం," అన్నది. కానీ డ్యూటీ నుంచి వచ్చి గిటార్ ముట్టడం లేదు, అన్నం ముందు కూర్చుని లేచిపోతున్నది.

నీకు తెలుసు, ఆ పెట్టె అంటే నాకు పగ. అది పోతే నేను సంబరపడాలి. కిందటి నెల వాళ్లకు అన్నం తీసుకొని షెడ్డు దగ్గరికి పోయాను. తలుపు బయట ఉండగా లోపల పిల్ల వాయించడం మొదలుపెట్టింది. నేను లోపలికి పోలేదు. గోడకు ఆనుకొని కూర్చున్నాను. చిన్నప్పుడు నీ హోటల్ వెనక మెట్ల మీద కూర్చుని వినేదాన్ని చూడు, అట్లా. అన్నం చల్లారిపోయింది.

అన్నా, ఏదన్నా చెయ్యి.

నీ చెల్లి,
ప్రేమ

---

దుమ్ముగూడెం,
నవంబర్ 15

ప్రేమా,

దీవెనలు. ఈ ఉత్తరం కంటే ముందే భద్రాచలం నుంచి ఆర్టీసీ కార్గోలో ఒక చెక్కపెట్టె నీకు చేరుతుంది. బరువైంది, ఇద్దరు పట్టుకోండి. అందులో ఆ ఆంప్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. కొత్తది, ఒక్కసారి కూడా బిగించనిది. గుడ్డల్లో చుట్టి నాలుగు వాల్వులు కూడా పెట్టాను.

బొంబాయిలో ఆంప్‌తో పాటే కొన్నాను. ఊళ్లు తిరిగే రోజుల్లో ఎక్కడైనా కాలితే ఉంటుందని. ఆంప్‌ని నీ ఇంట్లో వదిలేసి వచ్చిన రోజున దీన్ని కూడా వదలాల్సింది. నా మంచం కింద పెట్టుకున్నాను. ప్రతి ఏడూ తీసి, తుడిచి, మళ్లీ చుట్టి పెడుతున్నాను. ఎందుకని అడగకు. పిల్లకు అమ్మెయ్యమని రాసిన రోజు కూడా ఇది నా మంచం కిందనే ఉంది.

ఉదయభాస్కర్ గారిని ముందు ఇన్సులేషన్ పరీక్ష చెయ్యమను. వైరు ఊడకుండా స్పీకర్ల పిడికి చుట్టి కట్టమను. సిల్వియాకు ఒక మాట చెప్పు. నరేందర్‌తో వాదన పెట్టుకోవద్దు. స్పీకర్ల పెట్టెను వేదిక వెనక, జనానికి పక్కకు తిప్పి పెట్టి, ముందు ఒక మైకు ఉంచి, వచ్చి వినమనాలి. చెవితో ఒప్పుకుంటాడు.

నేను రాలేను. ఆ పెట్టె ఎదుట నిలబడే ధైర్యం నాకు లేదు.

అన్న

---

మంఖాల్,
డిసెంబర్ 16

మామా,

వందనాలు. నువ్వు బస్సెక్కి వెళ్లిపోయాక ఇంటికొచ్చి పన్నెండు గంటలు నిద్రపోయాను. ఇప్పుడు వరుసగా చెప్తాను. నువ్వు అక్కడే ఉన్నావు గానీ స్టేజీ వెనక ఏం జరిగిందో నీకు తెలియదు.

నువ్వు పంపిన ట్రాన్స్‌ఫార్మర్ ఉదయభాస్కర్ గారు బిగించిచ్చారు. మధ్యాహ్నం సౌండు పరీక్షకు ఆంప్ మోసుకెళ్తే నరేందర్ అన్న తల పట్టుకున్నాడు. "చెప్పిన గదా చెల్లె!" అన్నాడు. వాదించలేదు. స్పీకర్లు వెనక్కి పెట్టి, మైకు పెట్టి, "అన్నా, ఒక్కసారి ఇను. వద్దంటే నేనే తీస్త," అన్నాను. మైదానం మధ్యలోకి వెళ్లి నిలబడ్డాడు. నేను మీటాను. కదల్లేదు. ఇంకోసారి కొట్టమని చెయ్యి ఊపాడు. తర్వాత పరుగెత్తుకుంటూ వచ్చి, ఆ ఇడ్లీ పాత్ర చుట్టూ తిరిగి, "ఇదేంది? ఇది ఎవలు చేసిండ్రు? నాగ్గూడ ఒకటి గావాలె," అన్నాడు!

మా వంతు వచ్చేసరికి సాయంత్రం ఎండ వాలుతోంది. మొదటి పాటకు జనం మాటలు ఆపారు. రెండో పాటకు ముందుకు జరిగారు. మూడోది "బాయి గట్టు" పాట. అందులో చివర ఒక స్వరం నిలబెట్టాలి. అది మొదలుపెట్టగానే, సరిగ్గా అప్పుడే, విమానం దిగడానికి వచ్చింది. మైదానం మీంచే, కిందుగా. దాని మోత ముందు ఏదీ ఆగదని నాకు తెలుసు, రోజూ ఆ మోతలోనే కదా నా ఉద్యోగం. దుర్గేష్ ఆపేద్దామా అన్నట్టు చూశాడు. నేను తల అడ్డంగా ఊపి, వెనక్కి నడిచి, గిటార్‌ను స్పీకర్లకు ఎదురుగా తిప్పాను. తీగా స్పీకరూ ఒకదాన్నొకటి పట్టుకున్నాయి, స్పీకర్ శబ్దానికే తీగ మళ్లీ మళ్లీ మోగింది. ఇక నా వేలు మీటే పని లేదు, ఒత్తి పట్టుకుంటే చాలు. స్వరం తనంతట తానే పెరిగింది.

విమానం వచ్చింది, కప్పేసింది, వెళ్లిపోయింది. స్వరం అక్కడే ఉంది.

మామా, అప్పుడు జనం అరిచిన అరుపు నా బిరడాల్లోంచి కూడా వినపడింది. మొదటి బహుమతి మాదేనని చెప్పేటప్పుడు దుర్గేష్ నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు. చిన్మయి ఈసారి ఒప్పుకునే ఏడ్చింది. జనవరిలో స్టూడియో.

మెట్లు దిగితే ఎదురుగా నువ్వు! అమ్మ పక్కన, తెల్ల చొక్కాలో. కలేమో అనుకున్నాను. నువ్వు నా రెండు చేతులూ పట్టుకొని ఏదో అన్నావు. నేనూ ఏదో అన్నాను. నీకేమీ వినపడలేదని నీ మొహం చూస్తే తెలిసింది. నాకూ వినపడలేదు, బిరడాలు తియ్యడం మరిచిపోయాను. ఈలోగా ఫోటోలని లాక్కెళ్లారు, వచ్చేసరికి నీ బస్సు టైమయింది. అమ్మను అడిగితే, "మీ మామనే అడుగు," అంటోంది.

ఏమన్నావు మామా? కింద నుంచి ఎలా వినపడింది? స్టేజీ మీద ఉన్నవాళ్లకు అది ఎప్పటికీ తెలియదు కదా.

సిల్వియా

---

దుమ్ముగూడెం,
డిసెంబర్ 22

బిడ్డ సిల్వియాకు,

పెట్టె పంపించాక నాకు ఇక్కడ కాలు నిలవలేదు. పిల్లల క్రిస్మస్ నాటిక రిహార్సల్‌ను వేరే మాస్టారికి అప్పజెప్పి బస్సెక్కాను. ముందే చెప్తే నువ్వు నాకోసం వాయిస్తావు. పాట కోసం వాయించాలి. అందుకని చెప్పొద్దని మీ అమ్మ దగ్గర మాట తీసుకున్నాను.

మైదానం మధ్యలో నిలబడ్డాం. ముందువాళ్లు వాయిస్తున్నంతసేపూ వినికిడి మిషన్ పెట్టుకున్నాను. అంతా రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టే ఉంది. వచ్చి తప్పు చేశానేమో అనుకున్నాను. మీరు ఎక్కగానే మిషన్ తీసి జేబులో వేసుకున్నాను. ఉన్న పావు చెవితోనే విందామని.

నువ్వు మెల్లగా మొదలుపెట్టావు. గిటార్ నాబ్ తగ్గించి ఉంచావని నీ చిటికెన వేలు చూసి తెలుసుకున్నాను. ఆ తర్వాత వేలు కదిలింది. బిడ్డా, అది నాకు వచ్చింది. ఛాతీలోకి వచ్చింది, ఎడమ చెవిలోకి వచ్చింది. చెవికి ఎక్కడా గుచ్చుకోలేదు. వేడివేడి బెల్లం పాకంలా దట్టంగా, పాటలోని ప్రతి మాటకూ చోటిస్తూ వచ్చింది. పై స్వరాలు నాకు ఇక రావు, వస్తాయని అబద్ధం చెప్పను. అవి వచ్చినప్పుడల్లా మీ అమ్మ ముఖం చూశాను. నాకు తెలిసిపోయింది.

విమానం వచ్చినప్పుడు నేను పైకి చూడలేదు. మీ అమ్మా చూడలేదు. మా చుట్టూ ఒక్కరంటే ఒక్కరు చూడలేదు. అంతమంది తలలూ నీ వైపే ఉన్నాయి. మా ముందు నిలబడ్డ అబ్బాయి తన భుజాల మీద కూర్చున్న పాపను దించడం మరిచిపోయి అలాగే ఉండిపోయాడు. స్వరం ఆగాక మీ అమ్మ నా చెవి దగ్గరికి వచ్చి, నాకు అందేట్టు గట్టిగా అరిచింది. "ఇన్నవా అన్నా? ఇన్నవా?" విన్నానని తల ఊపాను. అది ఇంకోసారి అడిగింది. మళ్లీ ఊపాను. మేమిద్దరం ముసలివాళ్లం, చేతులు పట్టుకొని పిల్లల్లా గంతులు వేశాం. నువ్వు చూడకపోవడమే మంచిదయింది.

నేనేమన్నానని అడిగావు. మెట్ల దగ్గర నీ చేతులు పట్టుకొని అన్నది ఇది.

"పన్నెండేళ్లు దాని ఎదురుగా నిలబడి నేను వెతికింది ఇదే. నాకు దొరకలేదు బిడ్డా. నీకు దొరికింది."

మీ మామ,
యెహోషువ